అది కోయిల కాదండీ, పిగిలిపిట్ట

ఎడిటర్ గారికి నమస్కారం.

ఉగాది రోజు మీ పేపర్ జిల్లా పేజీలో పైన పెద్దగా ఒక ఫొటో వేశారు. మామిడి కొమ్మ, పూత, కొమ్మ చివర పిట్ట, కింద 'వసంతం వచ్చిందని కోయిలమ్మ కూత' అని ఒక మాట. ఫొటో చాలా బాగుంది, తీసినాయన ఎవరో గానీ పిట్ట కంట్లో మెరుపుతో సహా పట్టుకున్నాడు. కానీ అది కోయిల కాదండీ, పిగిలిపిట్ట. ఇంగ్లీషులో రెడ్ వెంటెడ్ బుల్‌బుల్ అంటారు. తల మీద పొట్టి నల్ల జుట్టు, తోక మొదట్లో కింద ఎర్రటి మచ్చ, రెండూ మీ ఫొటోలోనే స్పష్టంగా కనిపిస్తున్నాయి. మా మనవడికి ఏడేళ్లు, పేపర్ నా చేతిలోంచి లాక్కుని "అమ్మమ్మా, ఇది మన బచ్చలి పిట్ట కదా, కోయిల అని రాశారేంటి" అన్నాడు. వాడు దానికి పెట్టుకున్న పేరు అది, ఎందుకో తర్వాత చెప్తాను.

ఒక్క మీ పేపరే కాదు, ప్రతి ఉగాదికీ ఎవరో ఒకరు ఏదో ఒక పిట్టని కోయిలని చేసేస్తూనే ఉన్నారు. పాపం ఫొటోగ్రాఫర్లని అనడానికీ లేదు, కోయిల గుబురు కొమ్మల్లో దాక్కుని కూస్తుంది, గొంతు వినపడుతుంది గానీ మనిషి కంట పడదు, పొద్దున్నుంచీ కెమెరా పట్టుకుని మామిడి తోటలో నిలబడితే ఎదురుగా వచ్చి కూర్చునేది పిగిలిపిట్టే. అయినా రెంటికీ పోలికే లేదు. కోయిల ఇంచుమించు కాకి అంత ఉంటుంది, మగది నిగనిగలాడే నలుపు, ఎర్రటి కన్ను, ఆడదేమో గోధుమ రంగు ఒంటి మీద తెల్లటి చుక్కలు చల్లినట్టు ఉంటుంది. పిగిలిపిట్ట గోరింక కన్నా కాస్త చిన్నది, 20 సెంటీమీటర్లు, మన జానెడు అనుకోండి. తల నలుపు, ఒళ్ళు మట్టి రంగు, దగ్గరగా చూస్తే ప్రతి ఈకకీ అంచు తెల్లగా ఉండి చేప పొలుసుల్లా కనిపిస్తుంది. ఎర్ర మచ్చ అది కూర్చున్న తీరుని బట్టి ఒక్కోసారి కనపడదు. అందుకని నేను చెప్పే గుర్తు వేరే: అది ఎగిరేటప్పుడు వెనక నుంచి చూడండి, తోక పైన నడుము దగ్గర తెల్లటి పట్టీ, తోక చివర మళ్లీ తెలుపు. ఒకసారి ఈ రెండు తెలుపులూ కంట్లో పడ్డాయంటే ఇంక బస్సు కిటికీలోంచి చూసినా గుర్తుపడతారు.

ఆడా మగా తేడా తెలీదు, రెండూ ఒకేలా ఉంటాయి. ఎప్పుడూ జంటగానే తిరుగుతాయి కాబట్టి ఒకటి కనిపిస్తే రెండోది దగ్గర్లోనే ఉంటుంది, వెతకండి. పిల్లలకి మాత్రం ఆ ఎరుపు వెలిసిపోయినట్టు లేత నారింజలో ఉంటుంది, జుట్టు కూడా సరిగ్గా లేవదు, అది చూసి ఇదేదో వేరే పిట్ట అనుకుంటారు. అరకు వైపు వెళ్తే దీని దాయాదులు కనిపిస్తాయి, జుట్టు కొమ్ములా నిటారుగా, తెల్ల చెంప, కంటి వెనక ఎర్రటి చుక్క, అవి ఇంకా అందగత్తెలు. హార్స్‌లీ కొండల్లో పసుపు గొంతు పిగిలి ఉంటుంది, దక్షిణాది రాతి కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు, అది అరుదైనది, దాని సంగతి వేరే. నేను మాట్లాడేది మన పెరటి దాని గురించే.

గొంతు గురించి ఒక్క మాట. కోయిలలాగా ఒకటే రాగం పట్టుకుని సాగదీయదు. రెండు మూడు ముక్కలు, తడిసిన గాజుల శబ్దంలాగా, పొద్దున్నే అందరికన్నా ముందు మొదలుపెడుతుంది. నాకైతే 'పిక్‌పిగిలీ' అని దాని పేరు అదే చెప్పుకుంటున్నట్టు వినిపిస్తుంది. ఇంకో అరుపు ఉంది, 'టిక్ టిక్ టిక్' అని గడ్డిలో నిప్పు పడ్డట్టు ఆపకుండా, ఒకదాన్ని చూసి ఒకటి, దాంతోపాటు గోరింకలూ ఉడతలూ అన్నీ అందుకుంటాయి. అది వినపడితే నేను చేతిలో పనాపి పెరట్లోకి వెళ్తాను. అయితే పిల్లి, లేకపోతే పాము, తప్పకుండా ఉంటుంది. పోయిన ఏడాది వానాకాలం దొడ్లో అంట్లు తోముతున్న మా పనమ్మాయి కాళ్లకి నాలుగడుగుల దూరంలో జెర్రిపోతు, ఈ పిట్టలు గోల చేయబట్టే చూశాం.

పేరు తప్పు పడటం దీనికి కొత్త కాదు లెండి. 1766లో లిన్నేయస్ అనే పెద్ద శాస్త్రజ్ఞుడు దీనికి శాస్త్రీయ నామం పెడుతూ ఇది దక్షిణాఫ్రికా పిట్ట అనుకుని 'కేఫర్' అని తగిలించాడు. అసలు ఆఫ్రికాలో ఈ పిట్ట సొంతంగా లేదు. అయినా ముందు పెట్టిన పేరు మార్చకూడదని రూలు, ఇప్పటికీ అదే నడుస్తోంది. బుల్‌బుల్ అన్న మాట కూడా అంతే, పారసీ కవిత్వంలో గులాబీ కోసం ఏడ్చే బుల్‌బుల్ ఇది కాదు, అది నైటింగేల్. మొత్తానికి ఊరూరా ఉన్న పిట్ట, అందరూ ఇంకెవరి పేరుతోనో పిలుస్తారు. పాలపిట్ట బదులు 2018లో రామచిలుక మన రాష్ట్ర పక్షి అయిందని మా మనవడికి బడిలో బట్టీ పట్టించారు, కిటికీ బయట అరుస్తున్న దాని పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక అసలు ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, అదే పేజీలో ఫొటో పక్కన చిన్న పెట్టెలో 'పక్షులను ఆహ్వానించండి, డాబా మీద గింజలు చల్లండి' అని సలహా ఇచ్చారు. ఆ పని నేను మూడేళ్లు చేశాను. మాది కాకినాడలో పాత కాలనీ, రెండు వందల గజాల్లో ఇల్లు, వెనక కాస్త జాగా. రిటైరయ్యాక పొద్దున్నే గుప్పెడు నూకలు, గుప్పెడు సజ్జలు డాబా మీద పోసేదాన్ని. పిచ్చుకలు వస్తాయనుకున్నాను. పావురాలు వచ్చాయి. పది అయ్యాయి, నలభై అయ్యాయి, దండెం మీద బట్టలు ఆరేయడానికి లేదు, ఏసీ బాక్సు వెనక గూళ్లు, పక్కింటావిడకి దగ్గు, ఆవిడ నాతో రెండు నెలలు మాట్లాడలేదు, న్యాయమే. ఆ మూడేళ్లలో ఒక్కటంటే ఒక్క పిగిలిపిట్ట ఆ గింజల దగ్గర వాలలేదు. ఎందుకు వాలుతుంది, అది గింజలు తినే పిట్ట కాదు. దాని ముక్కు చూస్తేనే తెలుస్తుంది, సన్నగా ఉంటుంది, పిచ్చుక ముక్కులాగా గింజ చితకడానికి పనికొచ్చేది కాదు. పళ్లు, పూల రెక్కలు, తేనె, పురుగులు, అప్పుడప్పుడు చిన్న బల్లి పిల్ల, ఇదీ దాని భోజనం. మన గోదావరి వైపు చూరుకి వరికుచ్చులు కట్టే అలవాటు ఉంది చూశారా, అది పిచ్చుకలకి బ్రహ్మాండం, దీనికి మాత్రం అలంకారం.

గింజలు మానేశాక పావురాలు నెలలో పోయాయి. పిగిలిపిట్టలు ఎలా వచ్చాయంటే నా బద్ధకం వల్ల వచ్చాయి. ఆ ఏడాది మోకాలి నొప్పితో నాలుగు నెలలు పెరట్లోకి సరిగ్గా వెళ్లలేదు. దొండపాదు కోసేవాళ్లు లేక కాయలు పండిపోయి ఎర్రగా వేలాడుతున్నాయి, బచ్చలి తీగ గోడెక్కి ఊదా రంగు పళ్లు గుత్తులుగా కాసింది, ఒక కాకరకాయ పండి పసుపు రంగులోకి తిరిగి పగిలి లోపల ఎర్రటి గింజలు బయటపెట్టింది. ఒకరోజు వంటింటి కిటికీలోంచి చూస్తే పండిన కాకరకాయ మీద పిగిలిపిట్ట తలకిందులుగా వేలాడుతూ ఆ ఎర్ర గుజ్జు ఒక్కొక్కటీ లాగుతోంది. దాని జంట బచ్చలి మీద. బచ్చలి పండు నోట్లో పెట్టుకుని తల వెనక్కి ఎగరేసి మింగుతుంది, ముక్కు చుట్టూ ఊదా రంగు, మా మనవడు దాన్ని చూసి లిప్‌స్టిక్ వేసుకుంది అని నవ్వి నవ్వి చచ్చాడు. అప్పుడు పెట్టిందే ఆ బచ్చలి పిట్ట అన్న పేరు. తర్వాత ఆరేసిన తెల్ల దుప్పటి మీద కూడా ఊదా మరకలు పడ్డాయి, అది నవ్వే విషయం కాదు, దండెం పక్కకి జరిపాను.

కాబట్టి పిలవాలంటే కొని పెట్టేది ఏమీ లేదు, కొన్ని కోయకుండా వదిలేయాలి, అంతే. కూరగాయల్లో పాదుకి నాలుగు కాయలు పండనివ్వండి. కరివేపాకు చెట్టుని ప్రతిసారీ మొండెం చేసేయకుండా ఒక కొమ్మ పూతకి వదిలితే నల్లటి పళ్లు వస్తాయి, అవంటే దానికి ప్రాణం. మా ప్రహరీ పక్కన నేను నాటకుండానే ఏడు కరివేపాకు మొక్కలు మొలిచాయి, అన్నీ సరిగ్గా కరెంటు తీగ కింద వరసగా, ఎవరు నాటారో వేరే చెప్పాలా. వేప పళ్లు, సింగపూర్ చెర్రీ, బొప్పాయి, జామ, సపోటా, ఏది ఉన్నా వస్తుంది. సింగపూర్ చెర్రీ అయితే తొందరగా పెరుగుతుంది గానీ రాలిన పళ్లు చీమలు చేరి గచ్చంతా జిగురు, అది ముందే చెప్తున్నా. లాంటానా మాత్రం పిట్టలు తింటాయి కదా అని నాటకండి, ఆ పళ్లు తిని గింజలు ఊరంతా పారేస్తాయి, అడవులు అడవులే దాంతో పాడైపోతున్నాయి. అపార్ట్‌మెంట్లో మాకు పెరడెక్కడిది అంటారా, మా వీధి చివర మూడో అంతస్తులో ఒకావిడ పాత పెయింటు బకెట్‌లో బచ్చలి వేసి బాల్కనీ గ్రిల్‌కి పాకించింది, రెండు నెలలకి రోజూ పొద్దున వస్తోందని ఫోన్ చేసి మరీ చెప్పింది. చెట్లేవీ లేకపోతే అరటిపండు ముక్కో బొప్పాయి ముక్కో గ్రిల్‌కి గుచ్చి సాయంత్రానికి తీసేయండి. ఉప్పు కలిసిన అన్నం, బిస్కెట్లు, మిక్చర్, దయచేసి వద్దు.

పళ్లకన్నా ముఖ్యం నీళ్లు. లోతు గిన్నె కాదు, మట్టి మూకుడు. రెండు వేళ్ల లోతు చాలు, మధ్యలో ఒక రాయి పెట్టండి కాళ్లు ఆనించుకోవడానికి, నీడన పెట్టండి, పిల్లి దాక్కునే పొదకి కాస్త ఎడంగా. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడింటికి వచ్చి నోరు తెరుచుకుని రొప్పుతూ కూర్చుంటుంది, ముందు తాగుతుంది, తర్వాత దిగి రెక్కలు కొట్టి కొట్టి సగం నీళ్లు బయటపోసి పోతుంది. డెంగ్యూ వస్తుందని మా కాలనీలో గొడవ చేశారు, వాళ్ల భయం తప్పు కాదు. కానీ గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది, రోజూ నీళ్లు పారబోసి రెండు రోజులకోసారి మూకుడు పీచుతో తోమితే దోమకి టైమెక్కడిది. తోమే ఓపిక లేనివాళ్లు మాత్రం పెట్టకండి.

గూడు సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. పోయిన జూన్‌లో వంటింటి కిటికీ పక్క రాధామనోహరం తీగలో కట్టుకున్నాయి. దోసిలి అంత గిన్నె, సన్నటి పుల్లలు, వేళ్లు, చుట్టూ సాలెగూడు పట్టుకొచ్చి చుట్టాయి, లోపల కొబ్బరి పీచు, నేను దేవుడికి కట్టిన మాలలోంచి రాలిన అరటినార కూడా ఉంది, నా ముడి అలాగే ఉంది దానికి. మూడు గుడ్లు, లేత గులాబీ రంగు మీద ఎర్రటి చుక్కలు, లావు వైపు చుక్కలు దట్టంగా. రెండు వారాలు పొదిగితే పిల్లలవుతాయి అని రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను, తొమ్మిదో రోజు జెముడుకాకి వచ్చి మొత్తం తినేసి పోయింది. పావుగంట అరిచాయి రెండూ. నేను కిటికీ కొట్టి అరిచినా అది కదల్లేదు. దానికీ పిల్లలుంటాయని మావారు అన్నారు, నాకు ఆ వేదాంతం అప్పుడు పట్టలేదు.

నెల తిరక్కముందే అదే తీగలో రెండడుగులు లోపలికి మళ్లీ కట్టాయి. ఈసారి మూడింట్లో రెండు పిల్లలయ్యాయి. మొదటి వారం అంతా పురుగులే మోశాయి, మా నిమ్మచెట్టు ఆకులు కొరికే పచ్చ పురుగులు ఏటా నేను కిరోసిన్ డబ్బాలో వేసేదాన్ని, ఈ ఏడాది ఒక్కటి మిగల్చలేదు. పురుగుమందు కొట్టే వాళ్లింట్లో ఇవి గూడు కట్టినా పిల్లల్ని పెంచలేవు, ఏం పెట్టి పెంచుతాయి. పన్నెండో రోజుకి ఒక పిల్ల సరిగ్గా ఎగరడం రాకుండానే కిందికి దిగిపోయింది, తులసికోట దగ్గర ముడుచుకుని కూర్చుంది. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు, పడిపోయిందని ఇంట్లోకి తెచ్చి అట్టపెట్టెలో పెట్టి పాలు పోస్తారు, తెల్లారేసరికి చచ్చిపోతుంది. ఒంటినిండా ఈకలొచ్చిన పిల్ల అయితే అది పడలేదు, దిగింది. తల్లీతండ్రీ పైనుంచే చూస్తూ ఉంటాయి, దాన్ని దగ్గర్లో పొదలో కూర్చోబెట్టి కుక్కనీ పిల్లినీ కట్టడి చేసి మనం లోపలికి పోవాలి. మనిషి ముట్టుకుంటే తల్లి వదిలేస్తుందనేది ఉత్త మాట, నేను చేత్తో ఎత్తి మందార చెట్టులో పెట్టాను, పది నిమిషాల్లో నోట్లో పురుగుతో వచ్చింది.

ఆ రోజుల్లోనే ఆ జంటలో ఒకటి మావారి స్కూటర్ అద్దాన్ని పొడుస్తూ ఉండేది. అద్దంలో ఇంకో పిట్ట తన జాగాలోకి వచ్చిందని దాని కోపం. అద్దం మీద పాత సాక్స్ తొడిగితే సరిపోయింది. శకునం బాగోలేదని జాతకం చూపించుకున్న వాళ్లు మాకు తెలుసు, అందుకని రాస్తున్నా.

ఇలా అంటున్నానని ఇది సాధువు అనుకోకండి, మహా పౌరుషం. ఒకప్పుడు కర్ణాటక ప్రాంతంలో, అంటే మన నెల్లూరు నుంచి మద్రాసు కిందదాకా, వీటిని దారంతో వేలికి కట్టుకుని పందేలు ఆడించేవారట, ఎదుటిదాని ఎర్ర ఈకలు పీకడమే వీటి యుద్ధం. ఇప్పుడు 1972 వన్యప్రాణి చట్టం ఉంది, పందెం సంగతి అలా ఉంచి పంజరంలో పెట్టుకోవడమే నేరం. సంతలో ఎవరైనా అమ్మజూపితే జాలిపడి కొని వదలకండి, కొంటే మళ్లీ పట్టుకొస్తారు, అటవీ శాఖ వాళ్లకి చెప్పండి. జామ తోటలు, ద్రాక్ష తోటలు ఉన్న రైతులు నన్ను తిట్టుకుంటారని కూడా తెలుసు, పండిన పండుకి ముందుగా బొక్క పెట్టేది ఇదే, వాళ్లు కాయలకి కవర్లు కట్టుకుంటే నేనేమీ అనను. పైగా మన దేశం దాటితే దీనికి మంచి పేరు లేదు. ఫిజీకి 1903 ప్రాంతంలో మన కూలీలే తీసుకెళ్లారని చెప్తారు, మద్రాసు నుంచి దక్షిణాది వాళ్ల ఓడలు మొదలైందీ 1903లోనే, వాటిలో తెలుగువాళ్లూ వెళ్లారు. ఊరు వదిలి పోతూ ఒక పిట్టని వెంట తీసుకెళ్లారంటే నాకు మనసు ఎలాగో అయింది గానీ, అక్కడ అది స్థానిక పక్షులనీ పంటలనీ పీడించి ప్రపంచంలో అతి చెడ్డ వంద ఆక్రమణ జీవుల లిస్టులోకి ఎక్కింది. అమెరికాలో హ్యూస్టన్‌లో కూడా ఉన్నాయి. అక్కడ ఉన్న మా అన్నయ్య కొడుకు "అత్తా, మన కాకినాడ పిట్ట మా ఫెన్సింగ్ మీద" అని వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు, సంబరపడి పళ్లు పెట్టేవు, అక్కడ పెట్టకు అని చెప్పాను. ఇక్కడ మాత్రం ఇది మన ఇంటిది, మర్రిగింజా వేపగింజా మోసుకుతిరిగేది ఇదే.

మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. ఆదివారం పేజీలో రెండు అంగుళాల చోటు ఇచ్చి వారానికి ఒక ఊరి పిట్ట ఫొటో, దాని తెలుగు పేరు, ఏ జిల్లాలో ఏమంటారో, అంతే వేయండి. పేర్లు పాఠకులే పంపుతారు, మా అమ్మ తరం వాళ్లకి ఇంకా గుర్తున్నాయి, వాళ్లు పోతే అడగడానికి ఎవరూ ఉండరు. కోయిల సంగతి సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం, మా మనవడు మాత్రం రోజూ పేపర్ రాగానే ఆ పేజీ తిప్పి చూస్తున్నాడు. వచ్చే ఉగాదికి కూడా కోయిల దొరక్కపోతే పిగిలిపిట్ట ఫొటోనే వేయండి, బాగుంటుంది, కింద పేరు మాత్రం దానిదే రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కాకినాడ